చట్టం దృష్టిలో మనం 'మారుమూల': అత్యవసర ఫోన్ నిఘా, అడవి అంచున గోప్యత హక్కు

చర్ల, దుమ్ముగూడెం వైపు పోడు కేసుల సమాచారం సేకరిస్తున్న రోజుల్లో మాకు తరచుగా వినిపించిన మాట ఒకటుంది. "ఆ సంగతి ఫోన్లో వద్దన్నా, వచ్చినప్పుడు మాట్లాడదాం." పట్టా గురించి అడిగినా అదే మాట. ఫారెస్టోళ్లు పెట్టిన కేసు నంబరు అడిగినా అదే. చివరికి మిర్చి కోతల కూలి రేటు అడిగినా అదే. మొదట్లో మేము దీన్ని భయం అనుకున్నాం. ఏళ్ల తరబడి కూంబింగులు, తనిఖీలు చూసినవాళ్ల అలవాటు అనుకున్నాం. తర్వాత ఫోన్ నిఘా నిబంధనలు తీసి చదివితే, ఆ జాగ్రత్తకు కారణం చట్టంలోనే కనిపించింది.

మామూలుగా ఎవరి ఫోన్ అయినా వినాలంటే రాష్ట్ర హోం శాఖ కార్యదర్శి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. అయితే 'మారుమూల ప్రాంతాల్లో' గానీ, 'ఆపరేషన్ అవసరాల' వల్ల గానీ ఆ ఉత్తర్వు ముందుగా తెచ్చుకోవడం వీలుకాకపోతే, పోలీసు ఉన్నతాధికారే ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఈ మినహాయింపులో ముందు వచ్చే మాటే 'మారుమూల'. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్నవాళ్ల మీద వాడటానికి రెండో కారణం ఒక్కటే దొరుకుతుంది. భద్రాచలం దాటి ఉన్నవాళ్ల మీద రెండూ దొరుకుతాయి. పౌరుల గోప్యత ఒకటే అని రాజ్యాంగం చెప్తుంటే, దాని మీద ఉండే కాపలా మాత్రం ఊరిని బట్టి మారుతోంది.

ఇక్కడ 'అత్యవసరం' అనే మాటను కాస్త విడదీసి చూడాలి. విద్యార్థులతో మాట్లాడినప్పుడు చాలామంది దీన్ని 1975 నాటి ఎమర్జెన్సీతో కలిపేస్తున్నారు. అది రాజ్యాంగంలోని 352వ అధికరణం కింద రాష్ట్రపతి ప్రకటించేది. ఫోన్ నిఘాకు అలాంటి ప్రకటన ఏదీ అక్కర్లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 5(2)లో 'ప్రజా అత్యవసర పరిస్థితి' లేదా 'ప్రజా భద్రత' అనే రెండు మాటలున్నాయి. ఈ రెండింటిలో ఒకటి ఉంటేనే, ఆ తర్వాత దేశ సమగ్రత, రాజ్య భద్రత, శాంతిభద్రతలు, నేరానికి ప్రేరేపించకుండా ఆపడం లాంటి కారణాలతో ఫోన్ వినవచ్చు. అంటే రెండు తలుపులు. మొదటిది తెరుచుకోకుండా రెండోదాకా పోవడానికి లేదు. తెల్లదొరలు రాసుకున్న ఆ సెక్షన్ సారం 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం సెక్షన్ 20(2)లోకి దాదాపు అలాగే వచ్చింది. ఆ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది.

మొదటి తలుపు అర్థం ఏమిటో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 18న పీయూసీఎల్ కేసులో చెప్పింది. రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారన్న వార్తల మీద పౌరహక్కుల సంస్థ వేసిన కేసు అది. జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్‌ల ధర్మాసనం తేల్చింది ఇదీ: ప్రజా అత్యవసరం అంటే జనం మొత్తం మీద ప్రభావం చూపే, వెంటనే స్పందించాల్సిన ఆకస్మిక పరిస్థితి. ప్రజా భద్రత అంటే జనానికి పెద్ద ప్రమాదం ఉన్న స్థితి. ఈ రెండూ గుట్టుగా ఫైల్లో ఉండేవి కావు, మామూలు మనిషికి కూడా కనపడేవి అయి ఉండాలి. (షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారమిచ్చిన పెసా చట్టం కూడా అదే నెలలో, ఆరు రోజుల తర్వాత వచ్చింది. రెండింటికీ ఏజెన్సీలో పట్టిన గతి గురించి వేరే వ్యాసం రాయవచ్చు.)

కానీ ఆ తీర్పులోనే ఒక లోటు మిగిలిపోయింది. ఫోన్ వినే ముందు జడ్జి అనుమతి ఉండాలని పీయూసీఎల్ కోరింది. చట్టంలో అలా లేదు కాబట్టి తాము పెట్టలేమని కోర్టు అన్నది. దాని బదులు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. అవే తర్వాత టెలిగ్రాఫ్ నిబంధనల్లో 419-ఏ అయ్యాయి. 2007లో ఆ నిబంధనను విస్తరించి రాశారు. 2024 డిసెంబర్‌లో దాని స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. పేర్లు మారినా చట్రం మాత్రం అదే. ఉత్తర్వు ఇచ్చేది హోం కార్యదర్శి. దాన్ని పరిశీలించే రివ్యూ కమిటీకి అధ్యక్షుడు ప్రధాన కార్యదర్శి, సభ్యులు న్యాయ శాఖ కార్యదర్శి, ఇంకో కార్యదర్శి. కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది. ఒక ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, పొడిగిస్తూ మొత్తం 180 రోజుల వరకు పోవచ్చు. అడిగేదీ, ఇచ్చేదీ, సరిచూసేదీ ప్రభుత్వమే. జడ్జి లేడు, ప్రతిపక్ష సభ్యుడు లేడు. ఎస్సీ, ఎస్టీ కమిషన్ల నుంచి ఎవరో ఒకరు ఉండాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

ఇది మామూలు దారి. అత్యవసర దారి ఇంకా పొట్టిది. రాష్ట్రంలో అయితే అధికారం పొందిన నిఘా సంస్థలో మొదటి లేదా రెండో స్థానంలో ఉండి, ఐజీ హోదాకు తగ్గని అధికారి ఉత్తర్వు ఇవ్వవచ్చు. మూడు పనిదినాల్లో హోం కార్యదర్శికి తెలపాలి. ఏడు పనిదినాల్లో ఆమోదం రాకపోతే వినడం ఆపేయాలి. అలా విన్నదాన్ని దేనికీ వాడకూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా. నకళ్లు నాశనం చేయాలి.

కాగితం మీద బాగానే ఉంది. కానీ లెక్క వేసి చూడండి. ఏడు పనిదినాలంటే ఆదివారాలు, పండుగలు కలుపుకొని తొమ్మిది పది రోజులు. ఒక మనిషి ఎవరెవరితో మాట్లాడతాడు, ఏ వకీలును కలుస్తున్నాడు, కేసులో సాక్షి ఎవరు, సంఘం సమావేశం ఏ ఊళ్లో అన్నవన్నీ తెలియడానికి అది చాలా ఎక్కువ కాలం. ఆ తర్వాత టేపు చెరిపేసినా, విన్నవాడి బుర్రలో ఉన్నది చెరగదు. కోర్టులో వాడకూడదని నిబంధన అనవచ్చు గానీ, తెల్లవారుజామున ఎవరి తలుపు తట్టాలో తెలుసుకోవడానికి కోర్టు అవసరం లేదు కదా.

ఇంతకంటే పెద్ద చిక్కు 'మారుమూల' అన్న మాటలోనే ఉంది. దానికి నిబంధనల్లో నిర్వచనం లేదు. ఎన్ని కిలోమీటర్లు, ఏ మండలాలు, ఏ సౌకర్యం లేకపోతే మారుమూల అన్నది ఎక్కడా రాయలేదు. పైగా ఈ మాటకు సాంకేతికంగా అర్థం కూడా కనిపించదు. ఫోన్ వినడం అంటే చెట్టు చాటున నిలబడి చెవి ఒగ్గడం కాదు. పోలీసు ఉత్తర్వు టెలికం కంపెనీ నోడల్ అధికారికి వెళ్తుంది, కంపెనీ వ్యవస్థ ద్వారా ఆ నంబరు కాల్స్ నిఘా సంస్థకు చేరతాయి. ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ అడవిలో ఉండరు. ఉత్తర్వు ఇచ్చే ఐజీ స్థాయి అధికారి ఉండేది రాజధానిలో. హోం కార్యదర్శి ఉండేదీ అక్కడే. ఇక మారుమూల ఎవరికి? మాట్లాడేవాడికి. కాల్ హైదరాబాద్ దాకా వినపడేంత సిగ్నల్ ఉన్న చోటు నుంచి, అనుమతి అడిగే ఉత్తరం మాత్రం పోదట.

ఇక్కడికి ఫోన్ ఎలా వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల పేరుతో 2014లో కేంద్ర మంత్రివర్గం 2,199 చోట్ల మొబైల్ టవర్లకు ఆమోదం ఇచ్చింది. ఆ చోట్లను గుర్తించింది కేంద్ర హోం శాఖ. ప్రసవానికి అంబులెన్సును పిలవడానికి, రేషన్ ఓటీపీకి, పిల్లల స్కాలర్‌షిప్పుకు అవే టవర్లు దిక్కు. వద్దని ఎవరూ అనరు, మేమూ అనం. కాకపోతే ఆ వసతి భద్రతా పథకంగా వచ్చింది.

భద్రాచలం సరిహద్దు ఇంకో మెలిక. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాక ఇక్కడి భూగోళం విచిత్రంగా తయారైంది. రాముడి గుడి తెలంగాణలో ఉంటే గుడి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో ఉంది. చింతూరు దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట. ఒకే కుటుంబం మూడు రాష్ట్రాల్లో ఉంటుంది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక సుక్మా, బీజాపూర్ వైపు నుంచి ఊళ్లు వదిలి వచ్చిన గుత్తికోయల బంధువులు ఇంకా అటే ఉన్నారు. మిర్చి కోతల కాలంలో అటునుంచి కూలీలు వస్తారు, ఇటు మేస్త్రీలు వాళ్లకు ఫోన్లు చేస్తారు. నిఘా కంటితో చూస్తే ఇవన్నీ 'సరిహద్దు దాటిన కాల్స్'. మూడు ప్రభుత్వాల్లో ఏదైనా ఉత్తర్వు ఇవ్వవచ్చు, మూడింటికీ మూడు రివ్యూ కమిటీలు. ఒక నంబరు మీద ఎన్ని ఉత్తర్వులున్నాయో ఒకచోట కూర్చుని చూసేవాళ్లు ఆ నిబంధనల్లో కనిపించరు.

మాటలు వినడానికే ఈ ఉత్తర్వు గొడవ. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఏ టవర్ కింద నుంచి, ఎంతసేపు చేశారన్న కాల్ వివరాలకు హోం కార్యదర్శి దాకా పోనక్కర్లేదు. దర్యాప్తు పేరుతో పోలీసులు రాతపూర్వకంగా అడిగితే కంపెనీ ఇస్తుంది. సంఘం ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి చాలాసార్లు అదే చాలు.

ఇప్పుడు ఎస్ఐబీ సంగతికి వద్దాం. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో మావోయిస్టుల సమాచారం కోసం ఉన్న పోలీసు విభాగం. దాని పరికరాలు, అధికారాలు, గోప్యత అన్నీ 'అడవి' పేరు మీద సమకూరినవే. 2024 మార్చి 10న అదే విభాగం అధికారి ఫిర్యాదుతో హైదరాబాద్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదైంది. 2023 డిసెంబర్ 3న అసెంబ్లీ ఫలితాలు వస్తే, మరునాడు హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారన్నది అందులో ప్రధాన ఆరోపణ. ప్రతిపక్ష నాయకులు, వ్యాపారులు, జర్నలిస్టులు, ఆఖరికి న్యాయమూర్తుల ఫోన్ల మీద కూడా నిఘా పెట్టారన్న ఆరోపణలు తర్వాత వచ్చాయి. హైకోర్టు తనంతట తానుగా ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది. మొదటి నిందితుడిగా ఉన్న మాజీ అధిపతి టి. ప్రభాకర్ రావు 2025 జూన్‌లో అమెరికా నుంచి వచ్చి దర్యాప్తు ముందు హాజరయ్యారు. ఇవి ఇంకా ఆరోపణలే, నేరం రుజువు కావలసింది కోర్టులోనే. నిందితుడు పోలీసు అధికారి అయినా ఈ మాట మేము వదులుకోం.

కానీ ఆరోపణల తీరు చూడండి. మావోయిస్టులకు సహకరిస్తున్నవాళ్ల పేరిట రాజకీయ నాయకుల నంబర్లను అనుమతుల జాబితాలో పెట్టారన్నది అందులో ఒకటి. రివ్యూ కమిటీలో పనిచేసిన మాజీ ఉన్నతాధికారుల వాంగ్మూలాలను కూడా ప్రత్యేక దర్యాప్తు బృందం 2025లో నమోదు చేసింది. ఇదే నిజమైతే, 'మావోయిస్టు సంబంధం' అనే ముద్ర ఉంటే చాలు, ఫైలు మీద ఎవరూ రెండో ప్రశ్న వేయలేదన్నమాట. ఆ ప్రశ్న వేయని అలవాటు ఎక్కడ మొదలైంది? చర్లలో, వెంకటాపురంలో, ఏటూరునాగారంలో ఆదివాసీ, దళిత యువకుల నంబర్లు ఆ జాబితాలో ఉన్నంత కాలం ఏ టీవీ చానలూ చర్చ పెట్టలేదు. నాయకుల నంబర్లు వచ్చాక అది కుంభకోణం అయింది.

హార్డ్ డిస్కుల విషయంలో ఇంకో మెలిక ఉంది. నిఘా రికార్డులను ఆరు నెలలకోసారి నాశనం చేయాలని నిబంధనే చెప్తుంది. మన మాటలు ఎప్పటికీ వాళ్ల దగ్గర ఉండకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టిన నియమం అది. కానీ విన్నవాళ్ల తప్పుకు ఆధారం కూడా ఆ రికార్డే. అది పోతే మన మాటా పోయింది, వాళ్ల తప్పూ పోయింది. కనీసం ఉత్తర్వుల జాబితానైనా హైకోర్టు కస్టడీలో భద్రపరచాలని ఎందుకు రాయలేదో మాకు అర్థం కాదు.

అనధికారికంగా ఫోన్ వింటే కొత్త చట్టం సెక్షన్ 42 కింద మూడేళ్ల వరకు జైలు, రూ.2 కోట్ల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. అయితే విన్నారని తెలిస్తే కదా ఫిర్యాదు చేసేది. విన్న తర్వాత ఎప్పటికైనా ఆ మనిషికి తెలియజేయాలన్న నియమం మన దగ్గర లేదు. సమాచార హక్కు కింద అడగవచ్చు కదా అని విద్యార్థులు అడుగుతారు. ఫోన్ నిఘా సమాచారం ఆ చట్టం సెక్షన్ 8 మినహాయింపుల కిందికి వస్తుందని ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2023 డిసెంబర్‌లో చెప్పింది.

ఇక కోర్టుల సంగతి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యానికి తగినంత మేరకే చర్య ఉండాలి. దీన్ని పట్టుకుని 2019 అక్టోబర్‌లో బొంబాయి హైకోర్టు వినీత్ కుమార్ కేసులో లంచం ఆరోపణ మీద ఇచ్చిన నిఘా ఉత్తర్వులను కొట్టేసింది, రికార్డులు నాశనం చేయమంది. మన దగ్గర అంతకు చాలా ముందే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కె.ఎల్.డి. నాగశ్రీ కేసులో 419-ఏ పాటించని ఉత్తర్వును చెల్లదన్నది. మన న్యాయవాదులు దీన్ని ఇంకా ఎక్కువ వాడాలి. 2025లో రెండు హైకోర్టులు వారం తేడాతో రెండు దారులు పట్టాయి. అవినీతి కూడా ప్రజా భద్రతకు ముప్పేనని జూన్ 26న ఢిల్లీ హైకోర్టు ఒక నిఘాను సమర్థించింది. జూలై 2న మద్రాసు హైకోర్టు, గుట్టుగా నేరం కనిపెట్టడానికి చేసే నిఘా ప్రజా అత్యవసరం కిందికి రాదని 2011 నాటి ఉత్తర్వును రద్దు చేసింది. సుప్రీంకోర్టు 2005లో పార్లమెంటు దాడి కేసులో, విధానం తప్పినంత మాత్రాన విన్న సంభాషణ సాక్ష్యానికి పనికిరాకుండా పోదని అన్న మాట కూడా ప్రాసిక్యూషన్ చేతిలో ఉంది.

గమనించండి, పైన ఉత్తర్వులు రద్దయిన వినీత్ కుమార్, మద్రాసు కేసులు రెండూ లంచం కేసులే. కింది కోర్టుకు తిరగడానికే బస్సు ఛార్జీలు వెతుక్కునే ఏజెన్సీ ఉపా నిందితుడు ఆ స్థాయి వాదన దాకా రావడం అరుదు.

అందుకే ఒక సెక్షన్ గురించి గట్టిగా చెప్పాలి. ఉపా చట్టం సెక్షన్ 46 ప్రకారం ఫోన్ సంభాషణను సాక్ష్యంగా పెట్టాలంటే, దానికి ఆధారమైన ఉత్తర్వు నకలును విచారణకు కనీసం పది రోజుల ముందు నిందితుడికి ఇవ్వాలి. జడ్జికి ఆ గడువు సడలించే అధికారం ఉంది గానీ, ముందు అడగాలి. ఆ నకలు చేతికొస్తే చూడాల్సినవి: సంతకం హోం కార్యదర్శిదా, ఐజీదా? ఐజీది అయితే 'మారుమూల' అన్నారా, 'ఆపరేషన్ అవసరం' అన్నారా? ముందుగా అనుమతి ఎందుకు వీలుకాలేదో ఒక్క వాక్యమైనా ఉందా? ఏడో పనిదినం లోపు ఆమోదం తేదీ ఉందా? రివ్యూ కమిటీకి పంపారా? ఛార్జిషీటులో ఫోన్ మాటలు ఉండి ఉత్తర్వు లేకపోతే, దాన్ని మొదటి వాయిదాలోనే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి.

ఇవన్నీ కాల్స్‌కు. దారిలో ఆపి ఫోన్ లాక్కుని వాట్సాప్ చూడటానికి పై నిబంధనల్లో ఏదీ వర్తించదు. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు గంజాయి పేరుతో రోడ్డు మీద కుర్రాళ్ల ఫోన్లలో మెసేజీలు వెతికినప్పుడు వీడియోలు బయటికొచ్చి గొడవైంది. చెక్‌పోస్టు దగ్గర వీడియో తీసేవాళ్లు ఉండరు. ఇక పెగాసస్ లాంటి స్పైవేర్ అయితే ఈ దారులన్నిటికీ బయటిది. 2019లో వాట్సాప్ హెచ్చరికలు అందుకున్నవాళ్లలో ఆనంద్ తేల్‌తుంబ్డే ఉన్నారు, బస్తర్‌లో పనిచేసే బేలా భాటియా ఉన్నారు, ఛత్తీస్‌గఢ్ దళిత హక్కుల కార్యకర్త డిగ్రీ ప్రసాద్ చౌహాన్ ఉన్నారు.

ఇది కొత్త కథ కూడా కాదు. బ్రిటిష్ కాలం నుంచి కొన్ని కులాలను పుట్టుకతో నేరస్తులుగా రాసుకున్న రిజిస్టర్లు ఉన్నాయి. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు హిస్టరీ షీట్ల గురించి మాట్లాడుతూ, ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన వర్గాలవాళ్ల పేర్లను యాంత్రికంగా ఎక్కించకుండా రాష్ట్రాలు చూసుకోవాలని చెప్పాల్సి వచ్చింది. ఆ షీటు కాగితం మీద ఉండేది, ఊళ్లో అందరికీ తెలిసేది. ఫోన్ జాబితా ఎవరికీ తెలియదు.

మావోయిజాన్ని 2026 మార్చి 31 నాటికి అంతం చేస్తామని కేంద్ర హోం మంత్రి గడువు ప్రకటించారు. ఆ గడువుకూ ఈ నిబంధనకూ సంబంధం లేదు. అత్యవసర దారి తీవ్రవాదానికి ముడిపెట్టి లేదు, అది పోతే ఇది పోదు. 2007లో రాసిన 'మారుమూల', టవర్లు, రోడ్లు, ఈ-మెయిళ్లు వచ్చాక 2024లో తిరగరాసినప్పుడు కూడా నిర్వచనం లేకుండానే వచ్చింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హోం శాఖలను అడగాల్సిన మొదటి ప్రశ్న మాకు తెలిసి ఇదే: పేర్లు వద్దు, నంబర్లు వద్దు, గత ఐదేళ్లలో అత్యవసర దారిలో ఇచ్చిన ఉత్తర్వులెన్ని, వాటిలో ఏడు రోజుల్లో ఆమోదం రానివెన్ని, 'మారుమూల' అన్న కారణం రాసినవి ఏ జిల్లాలవి?